సాయం కావాలంటే అడుగు అన్నారు సరే, ఏం అడగాలి?

ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మర్నాడు పొద్దున్న నాకు చుక్కలు చూపించింది టూత్‌పేస్ట్ మూత. కుడి చెయ్యి ఒంటికి ఆనించుకుని ఎడమ చేత్తో తిప్పబోతే ట్యూబు తిరుగుతోంది గానీ మూత రావట్లేదు. పళ్లతో పట్టుకుని తిప్పాను. ఊడింది. ఊడి సింకులో పడి, అక్కణ్ణుంచి ఎగిరి కింద బకెట్ వెనక్కి దొర్లిపోయింది. వంగి తీద్దామంటే చొక్కా లోపల డ్రెయిన్ డబ్బా, అంటే ఆపరేషన్ చేసిన చోట ఊరే నీటిని పట్టే డబ్బా, వేలాడుతోంది. అలాగే నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. క్యాన్సర్ అని చెప్పిన రోజు కూడా అంత ఏడవలేదు.

బయట హాల్లో మా ఆయన ఫోన్లో ఎవరికో చెబుతున్నారు. "బానే ఉందండీ. తన పనులు తనే చేసుకుంటోంది."

నాకు 46 ఏళ్లు. కుడి రొమ్ము పూర్తిగా తీసేశారు, చంకలో లింఫ్ గ్రంథులు కూడా తీశారు. నాది కుడిచేతి వాటం. డిశ్చార్జి రోజున చేతిలో ఒక కాగితం పెట్టారు. బరువులు ఎత్తొద్దు, చెయ్యి భుజం కంటే పైకి లేపొద్దు, కుట్లు తడవనివ్వొద్దు, డ్రెయిన్ లెక్క రాయాలి, జ్వరం వస్తే ఫోన్ చెయ్యాలి. అయిదు ముక్కలు. చదివి, ఇంతేనా అనుకున్నాను. ఆ అయిదు ముక్కల వల్ల ఇంట్లో ఎన్ని పనులు ఆగిపోతాయో కాగితంలో ఎవరూ రాయరు. ఎవరైనా రాసి ఉంటే ఆపరేషన్‌కి ముందు వారం నేను బీరువాలు సర్దుతూ కూర్చునేదాన్ని కాదు.

ముందు బరువుల సంగతి. బరువులంటే నేను సూట్‌కేసులూ, మంచాలూ అనుకున్నాను. నాకు చెప్పిన లెక్క రెండు కిలోలు, అదీ కొన్ని వారాలపాటు. రెండు లీటర్ల సీసా నిండా నీళ్లుంటే అప్పటికే రెండు కిలోలు దాటినట్టే. పాల గిన్నె పొయ్యి మీంచి దించడం, తడిబట్టలు మెషిన్లోంచి లాగడం, పరుపు మీద దుప్పటి మార్చడం, బరువైన తలుపు నెట్టడం, అన్నీ అందులోకే వస్తాయి. ఇంకో చిక్కేమిటంటే ఎడమ చేత్తో బరువు ఎత్తినా కుడివైపు లాగుతుంది. మన ఒంట్లో రెండు చేతులూ వేరువేరని ఇన్నేళ్లూ అనుకున్నాను. కావు. దగ్గినా, నవ్వినా, మంచం మీంచి లేచినా ఛాతీ మొత్తం ఒక్కటిగా కదులుతుంది.

ఎత్తు సంగతి ఇంకా చిత్రం. వంటింట్లో రోజూ వాడే సామాన్లన్నీ భుజం కంటే పైనే ఉన్నాయని నాకు అంతవరకూ తెలియదు. గ్లాసులు పైన, ఉప్పు డబ్బా పైన, మందుల పెట్టె అన్నిటికంటే పైన. మూడోరోజు మా అక్క వచ్చి ఒక్క మాట కూడా అడక్కుండా స్టూలెక్కి అన్నీ దించేసింది. నడుము ఎత్తులో, ఎడమవైపు ఉండేలా సర్దింది. డబ్బాల మూతలన్నీ ఒక చుట్టు వదులు చేసి పెట్టింది. టూత్‌పేస్ట్ మూత పారేసి, నొక్కితే తెరుచుకునేది తెచ్చింది. గంట పని అంతా కలిపి. నాకెవరైనా ఏం కావాలని ఆరోజు అడిగితే ఇది కావాలని నా నోటికి వచ్చేది కాదు. అసలు ఇది కావాలని నాకే తెలియదు.

ఇక డ్రెయిన్. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఇంటికొచ్చాక మొదటి పన్నెండు రోజులూ మా ఇల్లంతా దాని చుట్టూనే తిరిగింది. ఆపరేషన్ చేసిన చోట ఊరే నీరూ, రక్తమూ లోపలే నిలిచిపోకుండా పక్కటెముకల దగ్గర చిన్న గాటు పెట్టి సన్నటి గొట్టం దూర్చి, కదలకుండా చర్మానికి ఒక కుట్టు వేస్తారు. గొట్టం చివర మెత్తటి ప్లాస్టిక్ డబ్బా. దాన్ని నొక్కి గాలంతా తీసేసి మూత పెడితే, మెల్లమెల్లగా విచ్చుకుంటూ లోపలి నీటిని లాక్కుంటుంది. కరెంటూ లేదు, మోటారూ లేదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఖాళీ చేసి, కొలిచి, రాసుకోవాలి. రోజు మొత్తం కలిపి 30 మిల్లీలీటర్ల కంటే తక్కువ వరుసగా రెండు రోజులు వస్తే తీసేస్తామన్నారు.

ఒంటి చేత్తో అయ్యే పని కాదది. మూత తియ్యాలి, కొలత గ్లాసులోకి వంచాలి, మళ్లీ డబ్బా నొక్కి పట్టుకునే మూత బిగించాలి. మా పద్నాలుగేళ్ల అమ్మాయి నేను చేస్తానంది. నాకు మనసొప్పలేదు. రక్తం కలిసిన నీళ్లు చిన్నపిల్ల చేత ఎత్తించడమేమిటని. అది మాత్రం సైన్సు ల్యాబులో చేసినంత శ్రద్ధగా చేతులు కడుక్కుని, గ్లాసు బల్ల మీద పెట్టి, కళ్లు గీతకి సరిగ్గా వచ్చేలా కిందికి వంగి, "అమ్మా, డెబ్భై రెండు" అనేది. నోటుపుస్తకంలో తేదీ, సమయం, ఎంత, రంగు అని నాలుగు గడులు గీసింది. మొదటిరోజు 130. రంగు గడిలో 'ఎరుపు' అని. తర్వాత 'గులాబీ'. చివరి రోజుల్లో 'గడ్డి రంగు'. డాక్టరుగారు ఆ పుస్తకం చూసి ఎవరు రాశారని అడిగారు.

ఆరోరోజు సాయంత్రం 15 వచ్చింది. అంతకుముందు రోజు మొత్తం మీద 90 వచ్చింది. ఇంట్లో ఒకటే సంబరం. మా ఆయన అప్పుడే అక్కకి ఫోన్ చేసి చెప్పేశారు కూడా, రెండు రోజుల్లో తీసేస్తారని. రాత్రి పదకొండింటికి మెలకువ వస్తే చొక్కా పక్కన తడిగా ఉంది. లైటు వేసి చూస్తే కట్టు తడిసిపోయి ఉంది. కుట్లు ఊడిపోయాయనే అనుకున్నాను. వార్డుకి ఫోన్ చేస్తే డ్యూటీలో ఉన్న నర్సు ఏమాత్రం కంగారు పడకుండా అడిగింది.

"డబ్బా నొక్కుకుని ఉందామ్మా, ఉబ్బి ఉందా?"

"ఉబ్బి ఉంది."

"పొద్దున మూత పెట్టేముందు నొక్కారా?"

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన డబ్బా వైపు చూశారు. ఆరోజు పాపకి పరీక్ష ఉండి త్వరగా వెళ్లిపోతే ఆయనే ఖాళీ చేశారు. ఖాళీ చేసి, తుడిచి, మూత మాత్రం జాగ్రత్తగా పెట్టారు. నొక్కలేదు. సాయంత్రం పాప కొలిచేటప్పుడు నీళ్లు తక్కువున్న సంతోషంలో అదీ గమనించలేదు. లాగే బలం లేక నీరు లోపలే నిలిచి, గొట్టం పక్కనుంచి బయటికొచ్చింది. మళ్లీ నొక్కి మూత పెట్టాం. గొట్టంలో నల్లటి గడ్డ ఏమైనా అడ్డుపడిందేమో చూడమంది. ఉంటే ఒక చేత్తో గొట్టాన్ని చర్మం దగ్గర గట్టిగా పట్టుకుని, రెండో చేతి వేళ్లతో డబ్బా వైపు జారుస్తూ రావాలి. పట్టుకున్న చెయ్యి వదిలితే కుట్టు మీద పడుతుంది లాగుడు. పొద్దున కట్టు మార్పించుకోవడానికి రమ్మంది. ఆ పొద్దుటికి డబ్బాలో 80 ఉంది.

ఆ రాత్రి నుంచి నోటుపుస్తకంలో అయిదో గడి పుట్టింది. 'నొక్కామా?' అని.

ఆ డబ్బాని ఎక్కడ పెట్టుకోవాలనేది ఇంకో సమస్య. చొక్కాకి పిన్నీసుతో తగిలించమన్నారు. తగిలించాం. వంటింటి తలుపు గడియకి గొట్టం తగులుకుని ఒక్క లాగు లాగినప్పుడు ప్రాణాలు పోయినంత పనయింది. మా అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, నిలబడి ఏ పనీ చెయ్యలేరు. నా అవస్థ చూసి పాత దిండు గలీబు కత్తిరించి, మెళ్లో వేసుకునే పొడుగు పట్టీతో గుడ్డ సంచి కుట్టారు. డబ్బా అందులో, గొట్టం చుట్ట కూడా అందులోనే, పైన చొక్కా. స్నానానికి వేరే సంచి, తడిసినా ఫరవాలేదని. ఆపరేషన్‌కి వెళ్లేవాళ్లకి ఏమైనా ఇవ్వాలనుకుంటే పళ్ల బుట్టలు మానేసి అలాంటి సంచులు రెండు కుట్టించి ఇవ్వండి. ముందు గుండీలున్న వదులు చొక్కాలు రెండు మూడు కూడా. వేసుకునేటప్పుడు నొప్పి చెయ్యి ముందు దూర్చాలి, విప్పేటప్పుడు అది ఆఖరున రావాలి. చిన్నపిల్లలకి తొడిగినట్టే. పైజామాలకి నాడాలు వద్దు, ఎలాస్టిక్ ఉండాలి. ఒంటి చేత్తో ముడి వేసుకోవడం కుదరదు, ప్రతిసారీ ఎవర్నో బాత్రూం గుమ్మం దగ్గరికి పిలవడమూ కుదరదు.

స్నానం విషయంలో నేను చాలా మొండికేశాను. డ్రెయిన్ ఉన్నన్నాళ్లూ నడుము పైన తడిగుడ్డతో తుడుచుకోవాలి, కింద మామూలుగా పోసుకోవచ్చు. నేనే చేసుకుంటానన్నాను. రెండురోజులు చేసుకున్నాను కూడా. మూడోరోజు అర్థమైంది, ఎడమ చంక తుడుచుకోవాలంటే కుడి చెయ్యి కావాలని. ఆపరేషన్ అయిన వైపు గురించి అందరూ చెప్తారు, బాగున్న వైపుకి ఏ చెయ్యీ అందదని ఎవరూ చెప్పరు. చివరికి మా ఆయన్నే పిలిచాను. ఇద్దరం గోడ వైపు చూస్తూ ఆ పని ముగించాం. నాలుగోసారికి ఆ బిడియం పోయింది. గోడకి పెచ్చులూడుతున్నాయని, రంగు వేయించాలని మాట్లాడుకున్నాం.

ఇంకో జాగ్రత్త. చంకలో గ్రంథులు తీసినప్పుడు చేతి పైభాగం లోపలి వైపు స్పర్శ పోయింది. అక్కడి నరం దెబ్బతింటే అలా జరుగుతుందట, కొందరికి కొన్నాళ్లకి తిరిగొస్తుంది, కొందరికి రాదు. స్పర్శ లేని చోట వేడినీళ్లు ఎంత వేడో తెలియదు. వేడినీళ్ల బ్యాగు ఆనించుకుని హాయిగా కూర్చుంటే చర్మం కాలినా తెలియదు. అందుకని నీళ్ల వేడి ఎడమ చేత్తోనో, పక్కవాళ్ల చేత్తోనో చూడాలి. ఎర్రబడిందా, వాచిందా అని మనకి కనపడని చోటు రోజూ ఎవరో ఒకరు చూడాలి. ఆ పని మా అక్కది. వెలుతురు తగలాలని కిటికీ దగ్గర కూర్చోబెట్టి చూసేది.

ఇంతకీ సాయం సంగతి. ఇంటికొచ్చిన వారంలో నాతో "ఏదైనా కావాలంటే చెప్పు, మొహమాటపడకు" అన్నవాళ్లు ఇరవైమందికి తక్కువ ఉండరు. అందరూ మనస్ఫూర్తిగా అన్నవాళ్లే. నేను అందరితోనూ "అలాగే, తప్పకుండా చెప్తా" అన్నాను. ఒక్కరికీ చెప్పలేదు. ఎలా చెప్తాం? ఆఫీసులో నాతో పనిచేసే మనిషికి ఫోన్ చేసి, వచ్చి నా దుప్పటి మార్చిపొమ్మని అడుగుతామా? అడగాలంటే ముందు ఏం కావాలో తెలియాలి, ఎవరిని అడగొచ్చో ఆలోచించాలి, వాళ్లకి వీలవుతుందో లేదో కనుక్కోవాలి, కాదంటే నొచ్చుకోకుండా ఉండాలి. నొప్పి మాత్రల మత్తులో ఉన్న మనిషికి అదంతా ఒక ఉద్యోగం.

దీన్ని ముందు తెంచింది పక్కింటి పిన్నిగారు. గుమ్మంలోనే నిలబడి, "రేపు పొద్దున పదింటికి వస్తాను. నీ తల కడిగి ఆరబెట్టి జడ వేసి వెళ్తాను. వద్దంటే ఇప్పుడే చెప్పు" అన్నారు. వద్దనడానికి నాకు మాట తోచలేదు. మర్నాడు కుర్చీ వెనక్కి తిప్పి సింకుకి ఆనించి, మెడ కింద తువ్వాలు మడతపెట్టి, కట్టు మీద ప్లాస్టిక్ కాగితం కప్పి కడిగారు. తొమ్మిది రోజుల తర్వాత తలకి నీళ్లు తగిలాయి. వేళ్లతో మాడు రుద్దుతుంటే కళ్లు వాటంతటవే మూతపడ్డాయి. ఆవిడ ఏమీ అడగలేదు, ఏ స్టేజి అని గానీ, మీ వంశంలో ఎవరికైనా ఉందా అని గానీ. తలుపు దగ్గరికి వెళ్లాక మాత్రం, "మళ్లీ బుధవారం" అన్నారు.

ఆ సాయంత్రం అక్కని కూర్చోబెట్టి ఒక పెద్ద కాగితం మీద ఇంట్లో ఆగిపోయిన పనులన్నీ రాయించాను. రాస్తూ పోతే ముప్ఫై దాటాయి. కొన్ని వంట పనులు, కొన్ని బయటి పనులు, కొన్ని చదివితే నవ్వొచ్చేవి. 'గోళ్లు కత్తిరించడం (ఎడమ చేతివి).' 'సీసా మూతలు.' 'పాప ట్యూషన్ నుంచి వచ్చేటప్పుడు తోడు, మంగళ, శుక్రవారాలు.' కాగితం ఫ్రిజ్‌కి అతికించాం. తర్వాత ఎవరైనా ఏం కావాలని అడిగితే మా ఆయన ఫ్రిజ్ దగ్గరికి వెళ్లి, "శుక్రవారం సాయంత్రం ఆరింటికి పాపని తీసుకురాగలరా?" అనేవారు. చాలామంది ఊపిరి పీల్చుకున్నట్టు సరేననేవాళ్లు. వాళ్లకీ ఏం చెయ్యాలో తెలియకే ఆ మాట అని ఊరుకుంటున్నారని నాకప్పుడు తట్టింది.

అందరికీ అన్ని పనులూ నప్పవు. ఇంటికొచ్చి పది నిమిషాలు కూర్చోలేని మా తమ్ముడు ఇన్సూరెన్సు కాగితాలు మొత్తం నెత్తినేసుకున్నాడు. బిల్లులు, రిపోర్టులు, డిశ్చార్జి సమ్మరీ అన్నీ తేదీల వారీగా ఫైల్లో పెట్టి, ప్రతిదానికీ ఫోన్లో ఫొటో తీసి ఉంచాడు. తర్వాత ప్రతి డాక్టరు దగ్గరా ఆ ఫైలే ఆదుకుంది. మా తోడికోడలు ఫోన్ల బాధ్యత తీసుకుంది. రోజుకి పదిమందికి అదే కథ మొదట్నుంచి చెప్పడం నాకు డ్రెయిన్ కంటే ఎక్కువ నొప్పిగా ఉండేది. తను వారానికి రెండుసార్లు బంధువులందరికీ నాలుగు వాక్యాల మెసేజ్ పెట్టేది, కింద 'దయచేసి ఈవారం ఫోన్ చెయ్యకండి' అని రాసి. ఇద్దరు కోప్పడ్డారు. పడితే పడనీ.

మా బాబాయి దూరంగా ఉంటారు, వయసు ఎనభైకి దగ్గర. నాకేమైనా పని చెప్పమ్మా అని ఒకటే పోరు. ఏం చెప్తాం? ఫిజియోథెరపిస్టు ఇచ్చిన వ్యాయామాలు నేను ఎగ్గొడుతున్నానని పాప ఆయనకి చాడీలు చెప్పింది. అంతే, రోజూ సాయంత్రం నాలుగింటికి బాబాయి ఫోన్. స్పీకర్లో పెట్టి ఆయన లెక్కపెట్టాలి, నేను చెయ్యాలి. మొదట్లో బంతి పిసకడం, మోచెయ్యి మడిచి చాపడం, భుజాలు వెనక్కి తిప్పడం. డ్రెయిన్ తీశాక గోడకి ఎదురుగా నిలబడి వేళ్లు సాలీడులా పైకి పాకించడం. "ఆరు... ఏడు... ఏంటమ్మా, ఊపిరి బిగబట్టావా? వదులు. మళ్లీ ఏడు." ఆయన లెక్కలో ఏడు తర్వాత ఎప్పుడూ మళ్లీ ఏడే వచ్చేది.

నాలుగోవారంలో చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తాడు బిగించినట్టు లాగడం మొదలైంది. చెయ్యి చాపితే ఆ తాడు కంటికి కూడా కనపడింది. భయపడి వెళితే, గ్రంథులు తీసినవాళ్లలో చాలామందికి వస్తుందని, చెయ్యి కదపడం మానకూడదని, మానితేనే బిగుసుకుపోతుందని చెప్పారు. బాబాయి లెక్క ఏడు నుంచి పన్నెండుకి పెరిగింది.

చూడ్డానికి వచ్చేవాళ్ల గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. కూర్చుంటే రెండు గంటలు. నేను దిండ్ల మధ్య నిటారుగా కూర్చుని, నవ్వు మొహం పెట్టుకుని, వాళ్లకి తెలిసినవాళ్లలో ఎవరెవరు ఈ జబ్బుతో పోయారో వినాలి. మధ్యలో మా ఆయన వాళ్లకి మర్యాదలు చెయ్యాలి. చివరికి అత్తయ్య ఒక ఉపాయం కనిపెట్టారు. ఇరవై నిమిషాలు కాగానే లోపల్నుంచి, "అమ్మాయ్, నీ డ్రెయిన్ టైమైంది!" అని కేకేసేవారు. డ్రెయిన్ అనగానే ఎంతటివాళ్లయినా లేచి చెప్పులు వెతుక్కోవలసిందే. దాన్ని తీసేసిన పదిరోజుల తర్వాత కూడా ఆవిడ ఆ కేక మానలేదు.

నిద్రకి వెల్లకిలా తప్ప వేరే దారి లేదు. వీపు వెనక దిండ్లు ఏటవాలుగా పేర్చి, కుడి చెయ్యి కింద ఇంకో దిండు. లేవాలంటే ఎడమ పక్కకి దొర్లి, కాళ్లు మంచం దించి, ఎడమ మోచేతి మీద బలం పెట్టి లేవాలి. ఇది ఆసుపత్రిలోనే నర్సు పక్కనుండగా నాలుగుసార్లు చేసి చూసుకుంటే మంచిది. కారులో సీటుబెల్టుకీ ఛాతీకీ మధ్య చిన్న దిండు ఉండాలి. నొప్పి మాత్రల వల్ల మలబద్ధకం పట్టుకుంటుంది, దానికీ మందు ముందే అడిగి తెచ్చుకోండి. దాని మీద ఇంతకంటే విప్పి చెప్పను.

డ్రెయిన్ తీసేటప్పుడు గట్టిగా ఊపిరి పీల్చి వదలమన్నారు, వదిలేలోగా బయటికొచ్చేసింది. వారం తర్వాత అక్కడ నీరు చేరి, నడుస్తుంటే తొణికినట్టు అనిపించింది. సూదితో తీశారు. స్పర్శ లేదు కాబట్టి నొప్పీ లేదు. మళ్లీ ఇంకో వారానికి ఒకసారి తీశారు, తర్వాత ఆగింది. ఈలోగా బయాప్సీ రిపోర్టు వచ్చింది, తీసిన పదిహేడు గ్రంథుల్లో రెండింట్లో క్యాన్సర్ ఉందన్నారు. అయిదోవారం నుంచి కీమో. అది వేరే కథ, దానికి వేరే కాగితం ఫ్రిజ్ ఎక్కింది. కట్టు విప్పాక మొదటిసారి అద్దం ముందు నిలబడ్డ సంగతి కూడా ఇక్కడ రాయను. అక్క పక్కన ఉంది, అంతవరకే చెప్తాను.

మా ఆయన గురించి మాత్రం రాయాలి. మూడోవారంలో ఒకరాత్రి మాత్ర వేసుకునే టైముకి ఆయన రాలేదు. వెళ్లి చూస్తే వంటింట్లో నేల మీదే, బీరువాకి ఆనుకుని కూర్చుని నిద్రపోతున్నారు. ఒక చేతిలో మాత్ర, ఒక చేతిలో నీళ్ల గ్లాసు, గ్లాసు వొలకలేదు. ఫ్రిజ్ మీద ముప్ఫై పనుల్లో ఆయన పేరు పంతొమ్మిది చోట్ల ఉంది. మర్నాడు మరిదికి నేనే ఫోన్ చేశాను. "ఏదైనా కావాలంటే చెప్పమన్నావు కదా, శని, ఆదివారాలు వచ్చి మీ అన్నయ్యని నిద్రపోనియ్యి" అన్నాను. అన్ని వారాల్లో నా అంతట నేను నోరు తెరిచి అడిగింది అదే మొదలు. వచ్చాడు. ఆయన పద్నాలుగు గంటలు పడుకున్నారు.

ఇప్పటికి అయిదు నెలలయింది. చెయ్యి దాదాపు పూర్తిగా పైకి లేస్తోంది. చేతికి వాపు వచ్చే అవకాశం ఏళ్ల తర్వాత కూడా ఉంటుంది, నాలా చంకలో గ్రంథులన్నీ తీసినవాళ్లలో దాదాపు అయిదుగురిలో ఒకరికి వస్తుందట. అందుకని గిన్నెలు తోమేటప్పుడు గ్లౌజులు వేసుకుంటాను, చిన్న గాటు పడినా వెంటనే కడుక్కుని మందు రాస్తాను. నెలకోసారి పాప టేపు పెట్టి రెండు చేతులూ కొలిచి అదే నోటుపుస్తకంలో రాస్తుంది. డ్రెయిన్ లెక్కలున్న పేజీలు దాటి, వెనకవైపు.

పొద్దున బడికి వెళ్లేముందు అది నీళ్ల సీసాలన్నీ నింపి బల్ల మీద పెడుతుంది, ఒక్కో మూతా ఒక చుట్టు వదులు చేసి. చెయ్యి బానే ఉందని, ఇప్పుడు నేను తిప్పుకోగలనని దానికింకా చెప్పలేదు.